కల్పసూత్రం ఆకు మీద బొమ్మను గుర్తుపట్టడం ఎలా?

"ఇందులో బుద్ధుడు ఎవరండీ?", "ఆ రెండో కన్ను ముఖం దాటి గాల్లో వేలాడుతోందేమిటి?" ఎర్రటి నేల మీద కోసు ముక్కు మనుషులున్న పొడవాటి ఆకు ఫొటో పంపి, కింద ఈ రెండు ప్రశ్నల్లో ఏదో ఒకటి అడుగుతారు. మొదటిదానికి జవాబు: ఎవరూ కాదు. అవి పశ్చిమ భారతంలో, ముఖ్యంగా గుజరాత్, రాజస్థాన్‌లలో, 11 నుంచి 16వ శతాబ్దం దాకా తయారైన జైన చేతిరాత ప్రతుల బొమ్మలు. వాటిలో ఎక్కువ భాగం కల్పసూత్రంవి. అది తెల్లబట్టలు కట్టే సాధువుల జైన శాఖ శ్వేతాంబరుల గ్రంథం, తీర్థంకరుల (జైనుల 24 మంది మహాగురువుల) కథలు చెప్పేది. రెండోదానికి జవాబు: అది ఆ శైలి అలవాటు. ముఖం పక్కకు తిప్పి ఉన్నా అవతలి కన్ను కనిపించాల్సిందేనని చిత్రకారులు దాన్ని చెంప గీత బయట గీశారు. దానికి మించి అర్థం వెతకకండి.

ఇక అసలు పని. ఏ ఘట్టమో, ఎవరి కథో మీ అంతట మీరే తేల్చుకునే పద్ధతి ఇది. ఒక్క మాట ముందే చెప్తాను: ఈ బొమ్మల్లో ముఖాలు చూసి ఎవరినీ పోల్చుకోలేరు. రాజు, సన్యాసి, ఇంద్రుడు, దాసి, అందరిదీ ఒకే ముక్కు, ఒకే కన్ను. కాబట్టి ముఖం చివర చూడండి. ముందు ఆకు, తర్వాత కూర్చున్న పీట, తర్వాత చేతులు.

కావలసినవి

- ఆకు మొత్తం కనిపించే పెద్ద ఫొటో, రెండు వైపులదీ. బొమ్మ మటుకు కత్తిరించిన ఫొటోతో సగం పని కూడా కాదు. మెట్రోపాలిటన్ మ్యూజియం, క్లీవ్‌లాండ్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ లాంటి చోట్ల ఇలాంటి ఆకుల ఫొటోలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి.
- దేవనాగరి కూడబలుక్కుని చదవగలిగే శక్తి. బడిలో హిందీ సెకండ్ లాంగ్వేజ్‌గా చదివి ఉంటే చాలు. ప్రాకృతం రానక్కర్లేదు.
- కల్పసూత్రం కథల వరస రాసుకున్న ఒక కాగితం. ఏం రాసుకోవాలో మొదటి మెట్టులో చెప్తాను.
- ఓపిక. ఒక్కో ఆకుకు అరగంట పడుతుంది.

1. కథల వరస రాసుకోండి

ఇక్కడే చాలామంది తప్పు దారి పడతారు. మొదటి తీర్థంకరుడు రిషభుడు కదా, పుస్తకం ఆయనతోనే మొదలవుతుందని అనుకుంటారు. కల్పసూత్రం వెనక నుంచి ముందుకు నడుస్తుంది. మొదట మహావీరుడు (24), తర్వాత పార్శ్వనాథుడు (23), తర్వాత నేమినాథుడు (22). ఆ పైన 21 నుంచి 2 దాకా ఉన్న ఇరవై మందికి కథలుండవు, ఒకరికీ ఒకరికీ మధ్య గడిచిన కాలం లెక్కే ఉంటుంది. చివర రిషభుడు. ఇవన్నీ అయ్యాక గురువుల పరంపర, ఆఖర్న వానాకాలంలో సాధువులు పాటించాల్సిన నియమాలు.

మహావీరుడి కథకే ఎక్కువ పుటలు, ఎక్కువ బొమ్మలు. అందుకని మీ చేతిలో ఏ ఆకు పడినా అది ఆయనదే అయ్యే అవకాశం ఎక్కువ. అయినా దాన్నే నమ్ముకోకండి.

చాలా ప్రతుల్లో కల్పసూత్రం వెనక కాలకాచార్య కథ అని ఇంకో చిన్న గ్రంథం కలిపి ఉంటుంది. దాని సంగతి తర్వాత.

2. తాటాకా, కాగితమా చూడండి

తాటాకు అయితే సన్నగా, పొడవుగా ఉంటుంది. బొమ్మ ఆకు ఎత్తు దాటి పోలేదు గనక చిన్న చదరంలా ఒదిగి ఉంటుంది. తాడు దూర్చడానికి నిజమైన కన్నం ఉంటుంది.

14వ శతాబ్దంలో కాగితం వాడకం పెరిగింది. ఆ పుటలు సుమారు 11 సెంటీమీటర్ల ఎత్తు, 26 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. తాటాకు అలవాటు పోలేదు గనక అడ్డంగా పొడవైన ఆకారమే ఉంచారు. తాడు అవసరం తీరినా కన్నం ఉండాల్సిన చోట ఎర్రగానో, నీలంగానో, బంగారంతోనో ఒక గుండ్రటి బొట్టు వేశారు. ఆ బొట్టును సూర్యుడనీ, చక్రమనీ వివరిస్తూ వచ్చిన ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి. అది కన్నం జ్ఞాపకం, అంతే.

రంగు కూడా కాలం గురించి కొంత చెప్తుంది. పాతవాటిలో వెనక నేల ఎరుపు. 15వ శతాబ్దానికి వచ్చేసరికి లాజవర్దం రాయి నూరిన నీలం, బంగారం దండిగా కనిపిస్తాయి. డబ్బున్న వర్తకులు ప్రతులు రాయించి సాధువులకు, గ్రంథాలు దాచే భాండారాలకు దానమిచ్చేవారు. ఆ డబ్బు నేరుగా ఆకు మీద మెరుస్తుంటుంది. అయితే ఎర్ర నేల చూసి పాతదని తేల్చేయకండి. ఎరుపు ఆ తర్వాత కూడా నడిచింది.

3. వెనక వైపు అంకె వెతకండి

పుట సంఖ్య సాధారణంగా వెనక వైపు, కుడి అంచులో ఉంటుంది. చాలా కాగితం ప్రతుల్లో ముందు వైపు మధ్యలో ఒక్క బొట్టు, వెనక వైపు మూడు బొట్లు ఉంటాయి. కుడివైపు బొట్టులోనో, దాని పక్కనో అంకె దొరుకుతుంది. అంకె చిన్నదైతే మహావీరుడి గర్భప్రవేశం, కలలు ఉండే భాగం. పెద్దదైతే పార్శ్వుడు, నేమి, రిషభుడు, గురువులు. ఒక్కో ప్రతిలో మొత్తం పుటలు వేరువేరుగా ఉంటాయి గనక "30వ పుట అంటే ఫలానా ఘట్టం" అనే పట్టిక తయారు చేయకండి. నేను చేసి చూశాను, రెండో ప్రతికే పనికి రాలేదు.

4. బొమ్మను అరలుగా విడదీయండి

ఒకే చట్రంలో పైన ఒకటి, కింద ఒకటి రెండు ఘట్టాలు ఉండడం మామూలే. మధ్యలో అడ్డగీతో, కప్పు అంచో ఉంటుంది. ముందు ఆ గీత పట్టుకోండి. లేకపోతే పై అరలోని ఇంద్రుణ్ని కింది అరలోని తల్లికి భర్తను చేసేస్తారు. కథ పై నుంచి కిందికే నడవాలన్న నియమం లేదు, కింది నుంచి పైకి నడిచేవీ ఉన్నాయి. రెండు అరలకూ విడివిడిగా పేరు పెట్టి, వరస తర్వాత తేల్చండి.

5. ఆనవాళ్లు పట్టండి

ఇక్కడ తొందర వద్దు. నేను చూసే వరసలోనే చెప్తాను.

*అర్ధచంద్రం.* కిరీటం, నగలు, పద్మాసనం, రెండు చేతులూ ఒడిలో. చూడగానే రాజులా ఉంటాడు. మొదట్లో నేనూ ఒక చిన్న సభలో ఇలాంటి బొమ్మ చూపించి "సిద్ధార్థ మహారాజు కొలువు" అని, అంటే మహావీరుడి తండ్రి కొలువని, ధైర్యంగా చెప్పేశాను. ముందు వరసలో కూర్చున్న గుజరాతీ పెద్దాయన అప్పుడేమీ అనలేదు. అంతా అయ్యాక దగ్గరికొచ్చి, "కింద ఆ నెలవంక చూశారా బాబూ?" అన్నారు. చూడలేదు. ఆ నెలవంక సిద్ధశిల, ముక్తి పొందినవాళ్లు చేరే చోటు. అది ఉంటే ఘట్టం నిర్వాణం. ఇరుపక్కలా చెట్లు ఉండడం కూడా కద్దు. మరి అన్నీ వదిలేసినవాడికి కిరీటం ఎందుకు? చిత్రకారుడు అక్కడ గీసింది గుడిలో పూజలందుకునే శ్వేతాంబర మూర్తిని. యాదాద్రి భువనగిరి జిల్లా కొలనుపాక వెళ్లి మాణిక్యదేవుడిగా కొలిచే ఆదినాథుణ్ని ఒకసారి తీరిగ్గా చూసి రండి, మూర్తి కూర్చున్న తీరు కంటికి అలవాటవుతుంది. జైన ఆచార్యుడు జినప్రభసూరి 14వ శతాబ్దంలో తీర్థాల మీద రాసిన గ్రంథంలోకి కూడా ఎక్కిన దేవుడాయన.

*మూడు ప్రాకారాల గుండ్రటి కోట.* మధ్యలో జినుడు (అంటే తీర్థంకరుడే), నాలుగు వైపులా ద్వారాలు, మూలల్లో జంతువులు. ఇది సమవసరణం, కేవలజ్ఞానం (సంపూర్ణ జ్ఞానం) వచ్చాక ఇచ్చే ఉపదేశ సభ. మూలల్లోని జంతువులు తరచూ జన్మవైరులైన జంటలు. కోట చూసి యుద్ధం అనుకోకండి.

*మేక తల మనిషి.* లేడి తలలా కూడా ఉంటుంది. చేతుల్లో పసిబిడ్డ ఉంటే సందేహమే లేదు, అది హరిణేగమేషి. ఇంద్రుడి ఆజ్ఞ మీద దేవానంద అనే బ్రాహ్మణ స్త్రీ గర్భంలోంచి మహావీరుడి పిండాన్ని తీసి క్షత్రియాణి త్రిశల గర్భంలో పెట్టాడు. మంచం మీద పడుకున్న స్త్రీ, పక్కన ఇతను. బిడ్డను తీస్తున్నాడా, పెడుతున్నాడా? బొమ్మ చూసి చాలాసార్లు చెప్పలేం. ఆరో మెట్టు దాకా ఆగండి. ఇంకోటి, ఈ ఘట్టం శ్వేతాంబరులది. జైనుల్లో రెండో శాఖ దిగంబరులు దీన్ని ఒప్పుకోరు. కాబట్టి ఇది కనిపిస్తే ప్రతి ఏ శాఖదో కూడా తేలిపోయినట్టే.

*పడుకున్న స్త్రీ, పైన చిన్నచిన్న బొమ్మలు.* ఏనుగు, ఎద్దు, సింహం, అభిషేక లక్ష్మి, పూలదండ, చంద్రుడు, సూర్యుడు, జెండా, కలశం, తామర కొలను, సముద్రం, విమానం, రత్నాల రాశి, పొగలేని మంట. మొత్తం 14 కలలు. ఒక్కొక్కటి లెక్కపెట్టండి. 16 వస్తే దిగంబర లెక్క. ఉచ్చు ఎక్కడుందంటే, ఈ 14 కలలు దేవానందకూ వచ్చాయి, త్రిశలకూ వచ్చాయి. రెండు ఆకులూ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. పక్క ఆకుల్లో సిద్ధార్థుడు వ్యాయామం చేస్తున్నా, తల దువ్వించుకుంటున్నా, కలల అర్థం చెప్పే పండితులు కూర్చున్నా, మీది త్రిశల. గర్భాపహరణానికి ముందు వచ్చిందైతే దేవానంద.

*నాలుగు చేతులు, వజ్రం, అంకుశం.* ఇంద్రుడు. ఈయన అన్ని చోట్లా ఉంటాడు, అందుకే ఈయన ఏం చేస్తున్నాడో చూడాలి. సింహాసనం దిగి మోకాలు వంచి మొక్కుతుంటే శక్రస్తవం, అంటే ఇంద్రుడు చేసే స్తుతి. ఒడిలో బిడ్డ, పక్కన కలశాలు, కొమ్ముల్లోంచి నీళ్లు ధార కడుతున్న ఎద్దులు ఉంటే మేరువు మీద జన్మాభిషేకం. చెట్టు కింద కూర్చుని జుట్టు పీక్కుంటున్న మనిషి ముందు చేతులు చాచి ఉంటే దీక్ష.

*జుట్టు పీక్కోవడం.* కేశలుంచనం నలుగురు తీర్థంకరులకూ ఉంది. బొమ్మ కూడా ఒకటే. మూలంలో మటుకు చిన్న తేడా: మిగతావాళ్లు అయిదు పిడికిళ్లు, రిషభుడు నాలుగే. అందుకే రిషభుడి మూర్తులకు భుజాల మీద జటలు పడి ఉంటాయి.

*పడగలు.* ఏడు పడగలైతే పార్శ్వనాథుడు. అయిదైతే ఆగండి, సుపార్శ్వుడు కావచ్చు. అయితే కల్పసూత్రంలో సుపార్శ్వుడికి కథ లేదు, వరసగా కూర్చున్న తీర్థంకరుల బొమ్మలోనే కనిపించాలి. పార్శ్వుడికి ఇంకో గుర్తు: నాలుగు వైపులా మంటలు పెట్టుకుని తపస్సు చేస్తున్న కమఠుడు, కట్టె చీల్చితే బయటపడ్డ పాము.

*పెళ్లి ఊరేగింపు, బోనులో జంతువులు.* నేమినాథుడు. విందుకు కోయబోయే జంతువుల అరుపు విని పీటల దాకా పోకుండానే రథం తిప్పేశాడు. ఈ ఒక్కటి గుర్తుపట్టడం తేలిక. పొరపాటు పడినవాళ్లను నేను చూడలేదు.

*చెంపకు చెయ్యి.* త్రిశల కుర్చీలో కూర్చుని చెంపకు చెయ్యి ఆనించి, చెలికత్తెలు చుట్టూ ఉంటే అది కడుపులో బిడ్డ కదలడం లేదని బెంగపడిన ఘట్టం. తల్లికి నొప్పి కలగకూడదని బిడ్డే కదలిక మానేశాడట. పక్క అరలో ఆమె సంతోషంగా ఉంటే కదిలాడని అర్థం. నాకు ఈ కథంతటిలో ఇష్టమైన జంట బొమ్మ ఇదే.

*సాధువులు, సాధ్వులు.* కుడి భుజం వదిలేసి బట్ట కప్పుకుంటే సాధువు, రెండు భుజాలూ కప్పుకుంటే సాధ్వి. చంకలో కుంచె ఉంటే అది రజోహరణం, పురుగు చావకుండా నేల తుడవడానికి. ఇద్దరి మధ్య పుల్లలతో కట్టిన చిన్న స్టాండు ఉంటే అది స్థాపనాచార్య, అక్కడ లేని గురువుకు గుర్తు. దాన్ని వ్యాసపీఠం అని రాస్తుంటారు, కాదు. సాధ్వులు ఒక సింహం ఎదుట నిలబడి ఉంటే భయపడకండి, ఆ సింహం వాళ్ల తోబుట్టువు స్థూలభద్రుడు. విద్య వచ్చిందని అక్కచెల్లెళ్లకు చూపించుకోబోయాడు.

6. నాలుగు అక్షరాలు చదవండి

మొత్తం చదవక్కర్లేదు. పేర్లు వెతకండి. ప్రాకృతంలో దేవానంద "దేవాణందా" అవుతుంది, త్రిశల "తిసలా". రిషభుడి దీక్ష దగ్గర "చఉముట్ఠియం", మిగతావారి దగ్గర "పంచముట్ఠియం" అని ఉంటుంది.

ఇక్కడ అందరూ బోల్తా పడే చోటొకటి ఉంది. పాత జైన నాగరిలో ఏత్వం గుర్తు అక్షరం పైన పెట్టరు, అక్షరానికి ముందు ఒక నిలువు గీతగా పెడతారు. "తేణం కాలేణం" అని పుస్తకం మొదట్లో వచ్చే మాట తీసుకోండి. "తే" అనడానికి ముందొక గీత, తర్వాత "త". "కాలే" అనడానికి "క", దాని దీర్ఘం గీత, వెంటనే "లే" తాలూకు గీత, ఆ తర్వాత "ల". అంటే రెండు గీతలు పక్కపక్కనే. హిందీ అలవాటుతో చదివితే "కాా" అని ఏదో వింత మాట వస్తుంది. "దేవాణందా" కనపడలేదని ఆకు పక్కన పెట్టేసినవాళ్లు, ముందు గీత ఉన్న "ద" కోసం మళ్లీ వెతకండి.

జాగ్రత్త: బొమ్మ పక్కనున్న రాత ఆ బొమ్మదే కావాలని లేదు. లేఖకుడు ముందు రాసి ఖాళీ వదిలేవాడు, చిత్రకారుడు తర్వాత నింపేవాడు. ఒక పుట అటూ ఇటూ జరిగిన సందర్భాలున్నాయి. అంచుల్లో చిత్రకారుడి కోసం రాసిన చిన్న సూచన ఒక్కోసారి దొరుకుతుంది. ఫొటో పెద్దది చేసి అంచులు తడమండి, దొరికితే లాటరీ తగిలినట్టే.

7. ఇది కల్పసూత్రమేనా అని అడుక్కోండి

బొమ్మలో కొందరికి రెండు కళ్లూ ముఖంలోనే ఉండి, గుండ్రటి ముఖాలు, వేరే తరహా తలపాగాలు, పొడవైన అంగీలు ఉంటే మీ చేతిలో ఉన్నది కాలకాచార్య కథ. జైన ఆచార్యుడు కాలకుడి చెల్లెలు సరస్వతిని ఉజ్జయిని రాజు గర్దభిల్లుడు ఎత్తుకుపోతే, కాలకుడు సింధు అవతలికి పోయి సాహీలనే శక నాయకులను తీసుకొచ్చి రాజును ఓడించాడు. పరాయివాళ్లని చెప్పడానికే చిత్రకారులు ఆ సాహీల ముఖాలు మార్చారు. గాడిద నోటి నిండా బాణాలు దిగిన బొమ్మ కనిపిస్తే ఇంకో ఆలోచన అక్కర్లేదు: రాజుకు అండగా ఉన్న గార్దభీ విద్యను, అంటే గాడిద రూపంలోని మంత్రశక్తిని, అరవనీయకుండా చేసిన ఘట్టం అది.

ఒంటి మీద నగలు లేని, బట్ట లేని తీర్థంకరుడు కనిపించి, రాత కన్నడ లిపిలో ఉంటే దారి మార్చండి. కర్ణాటకలోని మూడబిదిరెలో దాచిన ధవళ అనే గ్రంథపు తాటాకు ప్రతుల లాంటివి దిగంబరులవి, 12వ శతాబ్దపు తొలినాళ్లవి, శైలే వేరు. వాటికి ఈ గైడు పనిచేయదు. ఆ కోవ శిల్పానికి కన్ను అలవాటు కావాలంటే కరీంనగర్ దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట ఉంది: చక్రేశ్వరి అనే జైన దేవత, చుట్టూ జినులు, పక్కనే పంపకవి తమ్ముడు జినవల్లభుడి శాసనం, అందులో తెలుగు కంద పద్యాలు.

8. తేదీ ఉంటే సరిగ్గా లెక్కపెట్టండి

చివరి పుటలో "సంవత్" అని అంకె ఉంటే అది విక్రమ సంవత్సరం. 57 తీసేయండి, నెలను బట్టి ఒక్కోసారి 56. జౌన్‌పూర్‌లో బంగారు అక్షరాలతో రాసిన ప్రసిద్ధ కల్పసూత్రం సంవత్ 1522ది, అంటే 1465. మనవాళ్లు శాసనాల అలవాటు కొద్దీ శకం అనుకుని 78 కలుపుతారు. అప్పుడు అదే ప్రతి 1600 అవుతుంది, 135 ఏళ్లు చిన్నదైపోతుంది.

9. సరిచూసుకోండి

మూడు సాక్ష్యాలు కావాలి: బొమ్మలో ఆనవాలు, రాతలో పేరు, పుట వరస. మూడూ కలిస్తే ఖాయం. రెండు కలిస్తే "కావచ్చు". బొమ్మ ఒక్కటే ఉంటే ఘట్టం పేరు రాసి మనిషి పేరు వదిలేయండి. మ్యూజియం కార్డు మీద ఉన్నది నాలుగో సాక్ష్యం కాదు, దాన్నీ పరీక్షించాల్సిందే.

కళ్లతో సరిచూసుకునే ఇంకో దారి ఉంది. జైనుల పర్యూషణ పండుగ రోజుల్లో, అంటే శ్రావణ భాద్రపదాల్లో, శ్వేతాంబర మందిరాల్లో కల్పసూత్రం చదివి వినిపిస్తారు. మహావీరుడి జన్మ ఘట్టం చదివే రోజున 14 కలలను వెండి బొమ్మలుగా బయటికి తెస్తారు. హైదరాబాదులో ఉన్నవాళ్లు దగ్గర్లోని మందిరంలో ముందుగా అడిగి వెళ్లండి. ఏనుగు నుంచి మంట దాకా ఒక్కొక్కటీ చేతికందే దూరంలో చూశాక, ఆకు మీద గోరంత ఉన్న జెండాను కలశమని పొరబడరు.

10. శీర్షిక రాయండి

ఇలా: "హరిణేగమేషి గర్భాన్ని మార్చడం (దేవానందా, త్రిశలా తేలలేదు). కల్పసూత్రం పుట, వెనక వైపు సంఖ్య 14. కాగితం, ఎర్ర నేల. పశ్చిమ భారతం, 15వ శతాబ్దం కావచ్చు." అనుమానం ఉన్న చోట అనుమానమనే రాయండి. పక్క పుట బయటపడ్డ రోజున వచ్చి ఆ బ్రాకెట్ తీసేయొచ్చు.